ఆకుపచ్చ చీటీ

టైమరు తిప్పి ముప్పై మీద వదిలాను. ఇక గంట మోగేదాకా ఈ గదిలో ఎవరూ నోరు విప్పకూడదు, అది నేను పెట్టిన రూలే, పెట్టిన పాపానికి ఇప్పుడు నేనే నోరు కుట్టుకుని కూర్చోవాలి, ఎందుకంటే పిడుగు డబ్బాలోంచి తీసిన చీటీని ఒకసారి చదివింది, రెండోసారి చదివింది, బల్ల మీద బోర్లా పెట్టింది. ఎప్పుడూ అలా పెట్టదు. ఎదురుగా పెట్టుకుని, దానితో తగాదా ఉన్నట్టు మాటిమాటికీ చూస్తూ రాయడం దాని అలవాటు. పిడుగంటే మా అక్క కూతురు, ఇరవై రెండేళ్లది, వచ్చే గురువారం బిజినెస్ స్కూలు ఎంట్రన్సు రాయబోతోంది, లెక్కల్లో దానికి ఢోకా లేదు, మిగిలింది వ్యాసం, ఆ వ్యాసం చెప్పేది నేను. పదిహేనేళ్లుగా అదే చెబుతున్నాను. పరీక్షలో ఎవరిదో ఒక వాదన ఇస్తారు, నాలుగైదు వాక్యాలు, పైకి పద్ధతిగా ఉంటుంది, లోపల బొక్కలు. అరగంటలో ఆ బొక్కలు పట్టుకోవాలి, పైకి చెప్పకుండా దాచిన నమ్మకం ఎక్కడుందో చూపించాలి, చివరి పేరాలో ఏం చేరిస్తే వాదన బలపడుతుందో రాయాలి. నీ సొంత గోడు ఎవరూ అడగలేదు, రాస్తే మార్కు పోతుంది. మొత్తం ఆరు మార్కులు. నా దగ్గర ఆరుకి ఆరు ఎవరికీ రాలేదు, అందుకే పిల్లలు నన్ను వెనకాల కత్తెర అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు, రెండూ నాకు వినిపిస్తాయి.

కింద పళ్ల డాక్టరు తొలిచే మర మొదలుపెట్టాడు. ఆయన క్లినిక్కు పైనే నా గది, మర తిరిగినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది, బల్ల వణుకుతుంది, బల్ల మీది బిస్కెట్ల డబ్బాలో చీటీలు కూడా కదులుతాయేమో. మూత మీద గుర్రబ్బండి బొమ్మ సగం చెరిగిపోయింది. లోపల మూడొందల పైచిలుకు చీటీలు, అన్నీ ఆకుపచ్చవి, అన్నీ అక్క చేతిరాత. అక్క కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. పాత అడ్రసుతో అచ్చయి పనికిరాకుండా పోయిన కాయితాలు కట్టలు కట్టలుగా తెచ్చి, ఆదివారాలు ఇదే బల్ల దగ్గర కూర్చుని, పెన్నుతో పంటి మీద కొట్టుకుంటూ నా పిల్లల కోసం వాదనలు కల్పించేది. కల్పించేదంటే, మా ఇంట్లో సంగతులకే వేషం వేసేది. బావ గురక ఒక ఫ్యాక్టరీ చప్పుడయింది, నిద్రపోతున్నవాళ్లెవరూ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి చప్పుడే లేదని యాజమాన్యం వాదించింది. అమ్మ మోకాళ్లు ఒక పాత వంతెనయ్యాయి. నేను పెళ్లి చేసుకోకపోవడం మంచి సెంటర్లో ఖాళీగా పడున్న షాపయింది, ఆ చీటీ చదివి రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు, మూడో రోజు ఫోను చేసి, ఏమే, అద్దెకెవరైనా వచ్చారా అంది, ఇద్దరం పడీ పడీ నవ్వాం. ప్రతి చీటీ చేతికిచ్చి, ఇదెవరో చెప్పుకో అనేది. చెప్పేసేదాన్ని, ఒక్కసారి తప్ప.

పిడుగు ఇప్పుడు పెన్నుతో పంటి మీద కొట్టుకుంటోంది. ఈ అలవాటు దానికి లేదు, నిన్నటిదాకా లేదు. టక్, టక్, ఆగి మళ్లీ టక్. టైమరు చప్పుడొకటి, ఇదొకటి, రెండూ కలవడం లేదు, ఆ సందులో ఇంకెవరో కూడా కొడుతున్నట్టుంది. అక్క కూర్చునే కిటికీ పక్క కుర్చీ వైపు చూడకూడదనుకున్నాను, చూశాను, ఖాళీ కుర్చీయే, దాని మీద నా గొడుగు. వాన లేదు కదా, గొడుగెందుకు తెచ్చాను? మధ్యాహ్నం మూడు దాటింది, ఎండ బల్ల మీద సగం దాకా వచ్చింది, ఇది భయపడే వేళ కూడా కాదు. తలకిందుల అక్షరాలు చదవడం ఈ వృత్తి నాకు నేర్పిన విద్య, ఎదుట కూర్చున్నవాళ్ల కాయితం ఎప్పుడూ అటు తిరిగే ఉంటుంది కదా. చదవకూడదు, అదీ రూలే, గంట కొట్టేదాకా వాళ్లు ఏ చీటీ తీశారో నేను తెలుసుకోకూడదు. చదివాను. పిడుగు రాస్తున్న మొదటి వరుసలో లాండ్రీ అని ఉంది. లాండ్రీ చీటీ ఈ డబ్బాలో ఉండటానికి వీల్లేదు, దాన్ని నేను నాలుగేళ్ల కిందట మా వంటింట్లో స్టవ్ మీద కాల్చాను.

అది చిత్తు ప్రతి. అక్క చిత్తు రాసి ఇచ్చేది, నేను ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని, చీటీలో బొక్కలు మరీ పైకి కనిపిస్తే పిల్లలకి పనేముంటుంది, అందుకని పైపైవి పూడ్పించి, లోపలిది ఒక్కటి మాత్రం వదలమనేదాన్ని. ఆ ఆదివారం నా ముందు పంతొమ్మిది వ్యాసాలు దిద్దడానికి పడున్నాయి, మర్నాడే ఇచ్చెయ్యాలి, అక్క వచ్చి చీటీ పెట్టి, ఇదెవరో చెప్పుకో అంది, ఉండవే తల్లీ, చస్తున్నానిక్కడ అన్నాను, అంటూనే చీటీ చదివాను. ఒక లాండ్రీలో ముగ్గురు పనిచేస్తారు. అందరికంటే పాత మనిషి ఈ మధ్య నెమ్మదించింది. పోయిన వారం రెండు రోజులు రాలేదు. ఒక్క బట్ట కూడా ఆలస్యం కాలేదు. కాబట్టి ఆమె మానేస్తే లాండ్రీకి ఏ నష్టమూ లేదు. ఎంత సేపు చూశానని, నిమిషం కూడా పట్టలేదు, చెయ్యి దానంతటదే నడిచింది. రెండు రోజులు చాలవు, కనీసం నెల రోజుల లెక్క చూపించు. ఆమె పనులు మిగతావాళ్లకి వచ్చా, నేర్పినట్టు ఆధారమేది? ఆమె ఏదని ఖాతాదారులు అడిగారా లేదా, చెప్పలేదు. ఆమె చోట అంతకంటే మంచి మనిషి సిద్ధంగా ఉన్నట్టు చూపించు. కింద గీత గీసి, ఇవి నాలుగూ సరిచేస్తే తిరుగుండదు అని రాశాను. అక్క చదువుకుంది. పర్లేదే, నీకు పని బాగా వచ్చు అంది. పొగిడిందనుకుని మురిసిపోయాను.

తర్వాతి నెల అంతా నేను చూస్తూనే ఉన్నాను, చూస్తూ నవ్వాను కూడా. అక్క తన స్నేహితురాలి ఊరికని రెండు రోజులు వెళ్లింది, మళ్లీ మూడు రోజులు, ఏమే, ఈ వయసులో ఎవరినైనా తగులుకున్నావా అని ఏడిపించాను. బావకి వంట నేర్పింది, ప్రెస్సులో అచ్చు అక్షరాలు తప్ప ఏమీ తెలియని మనిషి, బంగాళాదుంప ఉడికిందో లేదో చెంచాతో నొక్కి చూసి చెప్పడం నేర్చుకున్నాడు, వంటింటి డబ్బాలన్నిటి మీదా పేర్లు అతికించింది, కరెంటు మనిషి నంబరు తలుపు వెనక రాసింది. పిడుగుని నా దగ్గర దింపడం మొదలుపెట్టింది, దీనికి నీ దగ్గరే బాగా బుర్రకెక్కుతోందే, రాత్రికి మీ ఇంట్లోనే ఉండనీ అంది, నాకు గర్వంగా ఉండి సరేనన్నాను. ఒకరోజు ఫోను చేసి, నేను ఊళ్లో లేనప్పుడు నన్నెవరైనా అడిగారా అంది. లేదే, ఏం, ఎవరైనా వస్తామన్నారా అన్నాను. అబ్బే, ఊరికే అంది. ఆ ఊరికే అన్న మాట నా చెవిలో నాలుగేళ్లుగా ఉంది, పళ్లు తోముకునేటప్పుడు వినిపిస్తుంది, మెట్లెక్కేటప్పుడు వినిపిస్తుంది, పిల్లలకి ఆధారం అంటే ఏమిటో చెబుతూ చెబుతూ ఉంటే మధ్యలో వినిపిస్తుంది. లెక్క కోసం అడిగింది. నేను లెక్క ఇచ్చాను.

ఒక మంగళవారం పొద్దున సంచీ తీసుకుని దుకాణానికని వెళ్లింది, దుకాణానికి చేరలేదు. గొడవలేమైనా అయ్యాయా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు, లేదు. జబ్బేమైనా, లేదు. ఏడ్చేదా, మా అక్క నవ్వించే మనిషండీ అన్నాను. ఆ చెరువులో వెతికారు, ఈ ఆసుపత్రిలో వెతికారు, మనిషి లేదు, చెప్పులు లేవు, ఉత్తరం లేదు. బావ ఈరోజుకీ గడియ పెట్టకుండా పడుకుంటాడు, వస్తుందిలే అంటాడు, ఏదో బస్సు ఆలస్యమైనట్టు. మర్నాడు ఫొటో ఒకటి కావాలంటే నేనే అక్క సొరుగు తెరిచాను, ఫొటోల కింద ఆ చిత్తు చీటీ ఉంది. నా నాలుగు ఎర్ర వాక్యాల పక్కనా పెన్సిలుతో నాలుగు టిక్కులు. శ్రద్ధగా, ఒకే సైజులో, పని అయినట్టుగా నాలుగు టిక్కులు. పక్క గదిలో పిడుగు ఎవరికో ఫోనులో అమ్మ చీర రంగు చెబుతోంది, నీలం, కాదు కాదు, నీలం మీద తెల్ల చుక్కలు అంటోంది. చీటీ జాకెట్లో దోపుకుని ఇంటికొచ్చి కాల్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

కాల్చింది చిత్తే. పిడుగు రెండో పేరా మొదలుపెట్టింది, నేను మెడ వంచలేదు, కళ్లు మాత్రం దించాను, తలకిందులుగా పదకొండు రోజులు అని కనిపించింది. చిత్తులో రెండు రోజులే. పదకొండు ఎక్కడిది? వేళ్ల మీద లెక్కపెట్టాను, బల్ల కింద, పిల్ల చూడకుండా, స్నేహితురాలి ఊళ్లో రెండు, తర్వాత మూడు, ఆ తర్వాత వారంలో నాలుగు, దుకాణంలో సరుకు లెక్కలని చెప్పి రాత్రి పొద్దుపోయాక వచ్చినవి రెండు. పదకొండు. నా దగ్గర ఇంకో రూలుంది, దిద్దిన చీటీని ఆలస్యమైనా సరే తేటగా తిరగరాసి డబ్బాలో వెయ్యాల్సిందే, అక్కకీ మినహాయింపు ఇవ్వలేదు, తను అడగనూ లేదు. అంటే తిరగరాసింది. వెళ్లే ముందు ఏదో ఒకరోజు ఈ మెట్లెక్కి వచ్చి, గుర్రబ్బండి మూత తీసి, అందరి చీటీల మధ్యా వేసి, మూత పెట్టి వెళ్లింది. నాలుగేళ్లు అది నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఎంతమంది పిల్లలు, ఎన్ని వేళ్లు ఆ డబ్బాలో కలియబెట్టాయి, ఎవరికీ తగలకుండా పక్కకి జరుగుతూ జరుగుతూ ఉండి, పరీక్ష ఇంకో ఆరు రోజులుందనగా ఈ పిల్ల చేతిలోకి వచ్చింది. ఇలా అని ఏ విద్యార్థైనా వ్యాసంలో రాస్తే ఎర్ర గీత గీసేస్తాను, కాకతాళీయాన్ని కారణం అనుకోవద్దని చెబుతాను, మూడొందల చీటీల్లో ఏదో ఒకటి వస్తుంది, ఇదీ వస్తుంది. గీత గీద్దామనే చూస్తున్నాను. నా చెయ్యి లేవడం లేదు.

ఇంకో సంగతి ఇప్పుడే తడుతోంది, తట్టకపోతే బావుండేది. గంట కొట్టేదాకా చీటీ చూడకూడదన్న రూలు నేనెప్పుడు పెట్టాను? అంతకుముందు నేనే చీటీ తీసి, పైకి చదివి, ఇచ్చేదాన్ని. నాలుగేళ్లుగా డబ్బా పిల్లల వైపు తోసి, వాళ్లు తీసేటప్పుడు కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకు చూస్తున్నాను. అసలు పరీక్షలో ఉన్నట్టే ఉండాలని అందరికీ చెప్పాను, నాకూ అదే చెప్పుకున్నాను. డబ్బాలో ఉంటుందని నాకు తెలుసు. తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నాను గానీ తెలుసు, ఉందని తెలియని దాని వైపు మనిషి అంత జాగ్రత్తగా చూడకుండా ఉండదు. టైమరు ఎనిమిది మీదికి వచ్చింది. ఇప్పుడు లేచి, చీటీ లాక్కుని, ఇది పాతది, ఇంకోటి తియ్యి అనొచ్చు. పిడుగు ఇస్తుంది, అది నా మాట కాదనదు. నాలుగేళ్లుగా నా మంచం పక్కనే దాని మంచం, నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకంటే దానికే తెలుసు, జ్వరమొస్తే నా నుదుటి మీద చెయ్యి వేసేది ఇదొక్కతే. గురువారం పరీక్ష, సీటొస్తే వేరే ఊరు, దానికీ నేను సిద్ధపడ్డాను, సెలవులకి వస్తుంది కదా అనుకున్నాను. వాళ్లమ్మ వెళ్లిపోవడానికి కావలసిన నాలుగు మెట్లూ నేనే కట్టించానని తెలిస్తే ఏ సెలవులకీ రాదు. ఇది పోతే నాకెవరున్నారు? అంతకంటే మంచి మనిషి సిద్ధంగా ఉన్నట్టు చూపించు అని రాసింది నేనే, చూపించింది నన్నే.

కింద మర ఆగింది. ఆగాక తెలిసింది, గదిలో ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తోంది, దానిదొకటి, నాదొకటి. మూడోది వినిపిస్తే బావుండునని ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను, వినిపిస్తే చచ్చిపోతానని కూడా అనుకున్నాను. టైమరు గణగణ మోగింది, ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిడుగు పెన్ను మూత పెట్టింది. బోర్లా ఉన్న చీటీని తిప్పి, నా వైపు జరిపింది. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు, ఒక లాండ్రీలో ముగ్గురు పనిచేస్తారు, అందరికంటే పాత మనిషి ఈ నెలలో పదకొండు రోజులు రాలేదు, ఒక్క బట్టా ఆలస్యం కాలేదు, ఆమె పనులన్నీ మిగతా ఇద్దరికీ వచ్చేశాయి, ఆమె ఏదని ఖాతాదారులెవరూ అడగలేదు, ఆ ఇద్దరిలో చిన్నదానికి పని నేర్పడానికి ఆమెకంటే మంచి మనిషి దగ్గర్లోనే ఉంది, కాబట్టి ఆమె మానేస్తే లాండ్రీకి ఏ నష్టమూ లేదు.

"అమ్మ రాత," అంది పిడుగు.

"ఊఁ."

"చివరి పేరా చదవనా, పిన్నీ?"

తల ఊపాను. గొంతు సవరించుకుని, పరీక్షలో అప్పగించేటప్పటి గొంతుతో చదివింది. ఈ వాదన ఆమె రాని పదకొండు రోజులనీ లెక్కపెట్టింది. ఆ రోజుల్లో పని ఆగలేదు, నిజమే. ఎందుకు ఆగలేదంటే, ఆమె మళ్లీ వస్తుందని మిగతా ఇద్దరికీ తెలుసు. వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చారు. ఇక రాదని తెలిసిన రోజు ఒక్కటైనా ఈ లెక్కలో లేదు. అలాంటి రోజుల లెక్క కావాలంటే మా ఇంట్లో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

నాకు కనిపించలేదది. పదిహేనేళ్ల చదువు, ఎర్ర పెన్ను, కత్తెరన్న పేరు, ఇన్ని పెట్టుకుని నాకు కనిపించలేదు, ఈ ఒక్క వాక్యం ఆ ఆదివారం నేను రాసుంటే అక్క అక్కడే కూర్చుని నా వైపు చూసి ఏమనేదో. నా కళ్ల ముందు చీటీ అలుక్కుపోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "చివర్లో సొంత సంగతి రాశావు, మార్కు పోతుంది," అన్నాను.

"పోనీ," అంది. వెంటనే అంది. తర్వాత చీటీ మీద వేలు పెట్టి, ఒక్కో వాక్యం దగ్గరా ఆపుతూ కిందికి జరిపింది. "పైపై బొక్కలన్నీ ఎవరో పూడ్చేశారు, పిన్నీ. నెల రోజుల లెక్క, నేర్పించడం, ఖాతాదారులు, ఇంకో మనిషి. వరసగా. అమ్మ ఒక్కతే రాస్తే ఇంత పద్ధతిగా ఉండదు. నీ దగ్గర చదివినవాళ్లదిలా ఉంది. ఎవరు దిద్దారు?"

తెలియదు అనొచ్చు. అక్క నా పాఠాలు విని విని నేర్చుకుని ఉంటుంది అనొచ్చు, నమ్ముతుంది, నేను చెప్పిందేదైనా అది నమ్ముతుంది, ఆ నమ్మకం మీదే నాలుగేళ్లుగా నా ఇల్లు నడుస్తోంది. పెన్నుల గ్లాసులోంచి ఎర్ర పెన్ను తీశాను. చీటీ అడుగున కాస్త ఖాళీ ఉంది, అక్క ఎప్పుడూ నా కోసం వదిలే ఖాళీ అది. గుర్తు తెచ్చుకోవలసిన పనేమీ లేకుండా నాలుగు వాక్యాలూ రాశాను, అదే వరసలో, అవే మాటలతో, రెండు రోజులు చాలవు దగ్గర మొదలుపెట్టి. గీత గీసి, ఇవి నాలుగూ సరిచేస్తే తిరుగుండదు, అది కూడా రాశాను. ఒక్కోదాని పక్కనా పెన్సిలుతో టిక్కు పెట్టాను, మొత్తం నాలుగు. చీటీ దాని వైపు తిప్పి జరిపాను.

పిడుగు చదివింది. మొహంలో ఏమీ కదల్లేదు, పెన్ను మాత్రం పంటి దాకా వెళ్లి, కొట్టకుండా ఆగింది. కింద ఇంకో రోగి కుర్చీ ఎక్కినట్టున్నాడు, మర మళ్లీ మొదలైంది, బల్ల వణికింది, డబ్బా మూత సన్నగా గలగలలాడింది. అప్పుడది కట్టలోంచి కొత్త కాయితం లాక్కుని తన ముందు సరిగ్గా పెట్టుకుంది. చీటీని ఈసారి బోర్లా పెట్టలేదు, నా ఎర్ర వాక్యాలు కనిపించేలా ఎదురుగా పెట్టుకుంది. నా వైపు చూడకుండానే,

"టైము పెట్టు, పిన్నీ," అంది.

టైమరు తిప్పి ముప్పై మీద వదిలాను.